ఫోటో వెనక పేర్లు రాసి పెడదాం

ఈ సంచికకు సంపాదకీయం వేరే విషయం మీద రాద్దామనుకున్నాను. సగం రాసి పెట్టాను కూడా. ఇంతలో హాలియాలో మా సంఘం ఆఫీసు గది ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఇంటివాళ్ళు మేడ పడగొట్టి కొత్తది కడతారట. ముప్పై ఏళ్ళ సామాను, అంటే రెండు బెంచీలు, ఒక బీరువా, చెదలు పట్టిన కరపత్రాల కట్టలు. వాటితోబాటు అటక మీంచి ఒక రేకుపెట్టె దిగింది. తెరిస్తే లోపలన్నీ ఫోటోలు, నాలుగైదు వందలుంటాయి. కొన్ని చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదియ్యబోతే ఎవరి ముఖమో ఊడి ఇంకొకరి చీరకంటుకుంది.

సారా వ్యతిరేక ఉద్యమం నాటి ధర్నాలున్నాయి. రాత్రి బడిలో లాంతరు చుట్టూ కూచున్న ఆడవాళ్ళున్నారు. సాగర్ ఎడమ కాలువ గట్టు మీద నాట్లకు పోతూ నిలబడి తీయించుకున్న కూలీల బృందం ఉంది. మాలో అందరికన్నా పెద్దామెను కూచోబెట్టుకుని ఒక్కో ఫోటో చూపిస్తూ పోయాను. “ఈమె మన అనుముల దిక్కు ఆమె గదా, ఏం పేరో నోట్లనే ఉన్నది” అంటుంది. ముగ్గురిలో ఒకరి పేరే చెప్పగలిగాం. తీసినవాళ్ళ పేర్లయితే ఒక్కటీ తెలియదు. వెనక్కి తిప్పితే తెల్లగా ఉంది. ఏ ఊరో, ఏ ఏడో కూడా రాయలేదు. హక్కుల గురించి ఇన్నేళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నవాళ్ళం, మనతో నడిచినవాళ్ళ పేర్లు పెన్సిలుతో రాయడానికి అర నిమిషం వెచ్చించలేకపోయాం.

ఆ పెట్టెలో పేరూ తేదీ ఉన్నది ఒకే ఒక్క ఫోటో. విడిగా ఒక కవరులో ఉంది. దాని సంగతి చెప్పాలి.

1996లో ఒక పొద్దున భర్త చేతిలో దెబ్బలు తిన్న ఒకామె మా గదికి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. కన్ను వాచి మూసుకుపోయింది. మెడ మీద వేళ్ళ గుర్తులు. కేసు పెట్టాలంటే రుజువుండాలని, గాయాలు మానేలోపు ఫోటో తీయిద్దామని దగ్గర్లో ఉన్న స్టూడియోకు తీసుకుపోయాం. గోడ మీద కొలను, హంసలు, కొబ్బరిచెట్లు వేసిన తెర. తెర పక్కన అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. ఆమె అద్దం ముందు నిలబడి, అందరూ చేసినట్టే, తల దువ్వుకుంది. స్టూడియో అబ్బాయి లైటు వేసి, కెమెరాలో చూసి, రోజూ అనే మాటే అనేశాడు: “కొంచెం నవ్వమ్మా.” అన్నాక ఏమన్నాడో అతనికే అర్థమై తలకాయ దించుకున్నాడు. డబ్బులు తీసుకోలేదు. అడిగితే ఫోటో వెనక ఆమె పేరూ తేదీ రాసిచ్చాడు. ఆ ఫోటో పట్టుకుని వెళ్తే ఒక అధికారి అటూ ఇటూ తిప్పి చూసి, “తల దువ్వుకుని ఫోటో దిగే తీరిక ఉన్నదంటే అంత పెద్ద దెబ్బలేం కావు గదా” అన్నాడు.

ఫోటో అబద్ధం చెప్పదంటారు. చెప్పకపోవచ్చు, కానీ ఎవరు చూస్తున్నారన్నదాన్ని బట్టి దాని నోట్లో మాట మారిపోతుంది. ఆ రోజు నుంచీ బొమ్మను చూసినప్పుడల్లా, అది రంగుల బొమ్మైనా కెమెరా బొమ్మైనా కదిలే బొమ్మైనా, తీసినవాళ్ళు ఎక్కడ నిలబడి తీశారనే ప్రశ్న ముందు వస్తుంది నాకు.

ఆ ప్రశ్నను నాకన్నా ముందే మనవాళ్ళు వేసుకున్నారు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన పేరు ఈ పత్రిక చదివేవాళ్ళకు కొత్త కాదు. 1978లో రమీజాబీ మీద పోలీసుల అత్యాచారం, ఆమె భర్త లాకప్ మరణం తర్వాత ఈ నగరంలో లేచిన కదలికలో నుంచి వచ్చిన బృందం అది. వాళ్ళు తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వాళ్ళ మాటల్లోనే వినిపించిన పుస్తకం. మన సూర్యాపేట ప్రాంతం మల్లు స్వరాజ్యం గారితో సహా. ఆ పుస్తకం మన ఇళ్ళల్లో ఉంది, శిక్షణా తరగతుల్లో ఉంది, ఇంగ్లీషులోకీ పోయింది. మంచిదే. అయితే అదే బృందం అంతకు మూడేళ్ళ ముందు, 1983లో, ఒక సినిమా తీయడంలో పాలుపంచుకుందని మనలో ఎంతమందికి తెలుసు? నేనూ చాలా ఆలస్యంగానే తెలుసుకున్నాను.

ఆ సినిమా పేరు ‘ఇది కథ మాత్రమేనా’. తెలుగు సినిమా, ఇరవై అయిదు నిమిషాలు. తీసింది యుగాంతర్ అనే స్త్రీల చిత్ర బృందం. 1980 నుంచి 1983 దాకా బెంగుళూరు కేంద్రంగా పనిచేశారు. అభా భయ్యా, దీపా ధన్‌రాజ్, మీరా రావు, నవ్‌రోజ్ కాంట్రాక్టర్ అందులో వాళ్ళు. ఉన్న కొద్ది కాలంలో నాలుగు సినిమాలు తీశారు. పూనాలో ఇళ్ళల్లో పాచిపని చేసే స్త్రీలు సంఘం కట్టుకోవడం మీద ఒకటి (1981), నిపాణిలో పొగాకు కార్ఖానాల కార్మిక స్త్రీల పోరాటం మీద ఒకటి (1982), చిప్కో ఉద్యమంలోని ఒక పల్లె స్త్రీ మీద ఒకటి (1983), మన తెలుగులో ఇది.

మొదటి రెండింటిలో కార్మిక స్త్రీలు తమ కథే తాము చెప్పారు. ఇంట్లో దెబ్బల సంగతి అలా తీయడం కుదరదు. కొట్టేటప్పుడు కెమెరా ఉండదు. కొట్టించుకున్నామె పరువు పోతుందని బయటికి రాదు. అందుకని కల్పిత కథ చేశారు. రాసిచ్చిన డైలాగులు కాకుండా, సంఘటన స్త్రీలు తమలో తాము మాట్లాడుకున్న అనుభవాల్లో నుంచి, అప్పటికప్పుడు మాటలు పుట్టించుకుంటూ నటించారు. వాళ్ళు నటులు కాదు, మన లాంటి కార్యకర్తలు. సినిమా పేరే ప్రశ్నగా ఎందుకుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

గృహహింస అన్న మాట మనకప్పటికి అలవాటులో లేదు. భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా చెప్పే 498ఏ సెక్షను ఆ 1983 డిసెంబరులోనే శిక్షాస్మృతిలో చేరింది. గృహహింస చట్టం రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది, అమలు 2006 అక్టోబరులో మొదలైంది. 2024 జూలై నుంచి పాత శిక్షాస్మృతి పోయి న్యాయ సంహిత వచ్చింది, 498ఏ అందులో 85, 86 సెక్షన్లయింది. అంకెలు మారుతూనే ఉంటాయి. ఆ ఇరవై అయిదు నిమిషాల్లో ఉన్న విషయం, అంటే కొట్టించుకున్నామెకు మొదట కావలసింది తన మాట నమ్మే ఇంకొక ఆడమనిషి అన్నది, మాత్రం ఏ సెక్షనులోనూ చేరలేదు.

ప్రయోగాత్మక చిత్రాలంటే మనకు కాస్త భయం, కాస్త చిరాకు. అర్థం కానివి, పండుగల్లో గడ్డాలవాళ్ళు చూసుకునేవి అని. నేనూ అలా అనుకున్నదాన్నే. కానీ మామూలు సినిమాకు ఒక పద్ధతి ఉంది: కథానాయకుడు నడుస్తుంటే ఊరు కదలాలి, భార్య ఏడుస్తుంటే పాట రావాలి. ఆ పద్ధతిలో మన వంటగది ఇమడదు. బెల్జియం దేశపు దర్శకురాలు షాంతాల్ అకెర్మాన్ 1975లో ‘జాన్ దీల్మాన్’ అనే సినిమాలో ఒక ఇల్లాలు ఆలుగడ్డలు చెక్కు తీయడం, పక్క సర్దడం, గిన్నెలు తోమడం కదలని కెమెరాతో మూడు గంటల ఇరవై నిమిషాలు చూపించింది. చూడలేక లేచిపోయినవాళ్ళున్నారు. 2022లో లండన్ నుంచి వచ్చే ఒక పత్రిక, ప్రపంచంలోని ఎందరో విమర్శకులను అడిగి వేసిన లెక్కలో అదే మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి అకెర్మాన్ పోయి ఏడేళ్ళు. ఇంటి పనిని ఉన్నంత సేపూ ఉన్నట్టు చూపించాలంటే పాత కొలతలు పనికిరావు. ‘ఇది కథ మాత్రమేనా’ తీసినవాళ్ళకూ అవి పనికిరాలేదు. ప్రయోగం అంటే నాకిప్పుడు అర్థమయ్యేది ఇదే.

ఇక్కడ నవ్‌రోజ్ కాంట్రాక్టర్ గురించి నాలుగు మాటలు. స్త్రీల బృందంలో కెమెరా పట్టింది ఒక మగమనిషి. మన సభల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్నే, నేనూ అడిగాను. ఆయన బరోడాలో చిత్రకళ చదివి, పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళినవాడు. మణి కౌల్ 1973లో తీసిన ‘దువిధా’కు ఛాయాగ్రహణం ఆయనదే. ఆ సినిమాలో ఒక్కో ఫ్రేమూ గోడకు తగిలించిన చిత్రపటంలా ఉంటుంది. అంత పేరున్న మనిషి, డబ్బు రాని ఈ సినిమాలకు కెమెరా మోశాడు. ఆ తర్వాత దీపా ధన్‌రాజ్ తీసిన చిత్రాల్లోనూ పనిచేశాడు: 1984 నాటి హైదరాబాదు మతఘర్షణల మీద ‘క్యా హువా ఇస్ శహర్ కో’ (1986), కుటుంబ నియంత్రణ పేరుతో స్త్రీల శరీరాల మీద జరిగినదాని గురించి ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ (1991). ఆపరేషను బల్ల మీద పేదరాళ్ళను చూపించే రెండో దాన్ని చూసినవాళ్ళకు తెలుస్తుంది, అక్కడ ఎంత దూరంలో నిలబడాలన్నది ఎంత కష్టమైన నిర్ణయమో. 2023 జూన్‌లో మోటారు సైకిలు మీద పోతూ రోడ్డు ప్రమాదంలో ఆయన చనిపోయాడు. మన పత్రికల్లో రెండు వాక్యాలైనా చూసిన గుర్తు లేదు నాకు. మన పత్రికలోనూ రాలేదు, ఆ తప్పు నాది.

ఆ సినిమాలు ఏమయ్యాయో కూడా చెప్పాలి. బృందం విడిపోయాక అవి జనం కంటికి దూరమయ్యాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సినిమా సంస్థ వాటిని బాగు చేయించి, డిజిటల్‌లోకి మార్చింది. జర్మనీవాళ్ళకు కృతజ్ఞతలు. కానీ హైదరాబాదు స్త్రీలు తెలుగులో మాట్లాడుకున్న సినిమా బతికి బట్ట కట్టడానికి బెర్లిన్ పోవాల్సి వచ్చిందంటే, దాంట్లో మన పాలు కూడా ఉంది కదా.

నవ్‌రోజ్ పోయిన ఏడాది ఆఖర్లో మేం హాలియాలో దాన్ని వేశాం. అరువు ప్రొజెక్టరు, తెల్లటి దుప్పటి, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. ముప్పై మంది దాకా వచ్చారు. సగం మంది కూలికి పోయి వచ్చి కాళ్ళు కడుక్కుని కూచున్నవాళ్ళే. పూర్తయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకామె అన్నది: “వాళ్ళ మాట మన మాట కాదక్కా, సదువుకున్నోళ్ళ మాట. దెబ్బ మాత్రం మనదే.” ఇంకొకామె ఒప్పుకోలేదు. “ఆమెకు చెప్పుకోనీకి ఒక దోస్తు దొరికింది. మా వాడల అందరం ఒక్క గోడకే ఉంటం, ఇనపడుతది అందరికి. ఒక్కరు తలుపు కొట్టరు. గదెందుకు తియ్యలే?” ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మధ్యతరగతి స్త్రీలు తమ ఇంటి తలుపు తామే తీసి చూపించిన సినిమా అది. వాడ గోడ సంగతి వాడలో ఉన్నవాళ్ళే తీయాలేమో.

అలా తీసినవాళ్ళు కూడా మన దగ్గరే ఉన్నారు. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు 1990ల చివర వీడియో కెమెరా నేర్చుకున్నారు. చాలామందికి చదువు రాదు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ పేరు మీరు వినే ఉంటారు. 2001లో తమ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసి దెబ్బతిన్న రైతుల వెంట మూడేళ్ళు తిరిగి 2005లో సినిమా తీశారు. 2008 అక్టోబరులో మాచనూరు నుంచి సంఘం రేడియో మొదలైంది.

కెమెరా పాఠం వాళ్ళు అర్థం చేసుకున్న తీరు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కింది నుంచి పైకి చూపిస్తూ తీసే షాటుకు ‘పటేల్ షాట్’ అని పేరు పెట్టుకున్నారు. పటేలు అరుగు మీద కూచుంటే కింద నిలబడి తలెత్తి చూసిన చూపు అది. పై నుంచి కిందికి తీసేది పటేలు వీళ్ళను చూసే చూపు, బానిసను చూసే చూపు. కన్నుకు కన్ను సమంగా పెట్టి తీసేదానికి ‘సంఘం షాట్’ అన్నారు, సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తులో కూచుంటారు గనక. సినిమా బడుల్లో ఇవే మూడింటిని లో యాంగిల్, హై యాంగిల్ అని బోర్డు మీద గీసి చెప్తారు. ఎవరు ఎవరిని అలా చూస్తారన్నది మాత్రం చెప్పరు.

ఆ కొలబద్ద చేతికొచ్చాక పాతవన్నీ మళ్ళీ చూడబుద్ధయింది. 1892లో హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, ఒక ఇంగ్లీషు స్త్రీ చేత నడిపించాడు. గొప్ప సంగతే, అయితే నవాబుల ఇళ్ళ ఆడవాళ్ళకు. మన ఊళ్ళల్లో ఎందరో స్త్రీలకు మొదటి ఫోటో 1990లలో ఓటరు కార్డు కోసం తీసింది. అదీ ఎవరిదో చెప్పలేనంత మసక. బి. నర్సింగరావు ‘దాసి’ (1988)లో గడీలో బతికిన కమలాక్షిని అర్చన చేసింది. ఆ ఏడాది సినిమాలకిచ్చిన జాతీయ అవార్డుల్లో నటికి, కెమెరాకు, కళా దర్శకుడు తోట వైకుంఠానికి, దుస్తులకు కూడా వచ్చాయి. తన కడుపు మీద కూడా తనకు హక్కు లేని స్త్రీని అంత మౌనంగా చూపించిన తెలుగు సినిమా నేనింకొకటి చూడలేదు. మొదటిసారి టీవీలో చూసినప్పుడు రాత్రి నిద్ర పట్టలేదు. వైకుంఠం గారి బొమ్మల్లో తెలంగాణ ఆడవాళ్ళంటే నాకిష్టమే, ఆ ముదురు రంగు ఒంటికి, పెద్ద బొట్టుకు గౌరవం తెచ్చినవాడాయన. అయినా ఆ బొమ్మల్లో చేతులను చూస్తే ఎప్పుడూ అనిపిస్తుంది, వీళ్ళు నాటు వేసి ఎన్నాళ్ళయిందో అని. ఇది నా గొణుగుడే, ఆయన తప్పు కాదు.

పోరాటకాలపు ఫోటో ఒకటుంది, ముగ్గురు స్త్రీలు తుపాకులు పట్టుకుని నిలబడినది. మన ప్రతి సభలో బ్యానరు మీద వేస్తాం. నేను చూసిన బ్యానర్లలో కింద పేర్లుండవు. ‘వీరనారీమణులు’ అని ఉంటుంది. స్వరాజ్యం గారు 2022 మార్చిలో పోయారు. ఆమెను గుర్తుపట్టి పక్కనున్నవాళ్ళెవరో చెప్పగలిగినవాళ్ళు కూడా తగ్గిపోతున్నారు. మాకు దగ్గర్లోని నాగార్జునకొండలో, పదిహేడు వందల ఏళ్ళ కింద మహాచైత్యానికి దానమిచ్చిన ఇక్ష్వాకు రాణివాసపు స్త్రీ చాంతిసిరి పేరు స్తంభాల మీద ఇప్పటికీ చదువుకోవచ్చు. ఆ రాళ్ళు మోసిన ఆడవాళ్ళ పేర్లు ఎవరూ చెక్కలేదు, చెక్కుతారని వాళ్ళూ అనుకుని ఉండరు. ధర్నాకు వచ్చి ఫోటోలో నిలబడినామె అలా కాదు. ఆమె పేరు చెప్పింది, మనమే రాసుకోలేదు.

అందుకని ఒక పని అనుకున్నాం. హాలియా, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడల్లో మన సంఘాల దగ్గర, స్వచ్ఛంద సంస్థల దగ్గర ఉన్న ఫోటోలు, క్యాసెట్లు, వీడియోలు బయటికి తీయండి. కొత్త గది దొరికింది. ప్రతి రెండో ఆదివారం అక్కడ కూచుంటున్నాం. పాతవాళ్ళను వెంట తీసుకురండి, వాళ్ళే పుస్తకాలు. ఫోటో వెనక పెన్సిలుతోనే రాయాలి, బాల్‌పెన్ను గట్టిగా రాస్తే ముందు వైపు గీత పడుతుంది, ఇంకు చెమ్మకు పాకుతుంది. ఊరు, ఏడు, ఉన్నవాళ్ళ పేర్లు, తీసినవాళ్ళ పేరు. అతుక్కుపోయినవాటిని విడదియ్యకండి, మేం చేసిన తప్పు మీరు చెయ్యొద్దు.

ఒక విషయంలో మాలోనే గొడవయింది. దెబ్బలు తిన్నామె ఫోటో ఉంచాలా, చింపెయ్యాలా? ఉంచితే పేరుతో ఉంచాలా? ఒకరు చరిత్ర అన్నారు, ఒకరు ఆమె బతుకు అన్నారు. రెండు ఆదివారాలు వాదించుకుని, ఆఖరికి ఎవరికో తట్టింది ఆమెనే అడగొచ్చు కదా అని. (ఇంతమంది హక్కుల కార్యకర్తలకు పదిహేను రోజులు పట్టింది ఇది తట్టడానికి.) అప్పటి అత్తిల్లు వదిలేసి ఎప్పుడో వచ్చేసింది. ఇద్దరు మనవరాళ్ళున్నారిప్పుడు. ఫోటో చేతికిస్తే కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. “ఎంత పొల్లనుంటినో” అన్నది. కాసేపాగి చెప్పింది: “ఉండనియ్యి. పేరు గూడ ఉండనియ్యి. ఎవ్వరికి పడితే వాళ్ళకు చూపియ్యకుండ్రి. ఇంగొకటి దిగుత, ఇప్పటిది. గది గూడ దీని పక్కకు పెట్టుండ్రి.”

ఆ రెండో ఫోటో ఇంకా తీయలేదు. మిరపకాయ ఏరడానికి ఖమ్మం వైపు ముఠాతో వెళ్ళింది. వచ్చాక కబురు పెడతానంది.